పదో కిలోమీటరు దగ్గర పీట

కట్టు 7,304

నా చేత్తో కట్టే ఆఖరి బండి ఇదేనని తిప్పేస్వామి చెప్పాడు. అతను ఎర్రమిట్ట డిపో ఇన్‌చార్జి. ఆరేళ్ళ కింద పట్టీకి మెలి ఎందుకు వేయాలో నా దగ్గరే నేర్చుకున్నవాడు ఇవాళ నాకు రోడ్లు నడిపే మండలి పంపిన కాగితం చదివి వినిపించాడు. చదువుతున్నంతసేపూ నా మొహం చూడలేదు. ఆ మాత్రం సిగ్గు మిగిలింది.

ఆఖరిదే అయితే ఎలా కట్టానో రాసిపెట్టాలి కదా. హనుమక్క తన ఇసుక బండిని ట్రైలరు మీదికి ఎక్కించింది. నేను దాన్ని ఇంకో జానెడు ముందుకు జరిపించాను. బరువు వెనక పడితే కనుమ దిగేటప్పుడు ట్రైలరు తోక ఆడిస్తుంది. గేరులో ఉంచి, చేతి బ్రేకు వేయించి, టైర్లకు ముందూ వెనకా దిమ్మలు కొట్టాను. నాలుగు పట్టీలూ బండి ఒంటికి కాదు, ఇరుసులకు కట్టాను. ఒంటికి కడితే గుంత వచ్చినప్పుడల్లా స్ప్రింగులు కుంగి పట్టీ వదులవుతుంది. ప్రతి పట్టీకీ ఒక మెలి వేశాను, లేకపోతే గాలికి అదురుతూ అదురుతూ అరిగిపోతుంది. ట్రైలరును తగిలించే కొక్కెం కింద గొలుసులు రెండూ అడ్డంగా వేశాను. కొక్కెం జారినా ట్రైలరు ముక్కు ఆ గొలుసుల మీద పడుతుంది కానీ రోడ్డు మీద పడదు.

వీటన్నిటికంటే ముందు చేసే పని ఒకటుంది. ఇసుకలో తిరగాలంటే టైర్లలో గాలి సగం తీసేయాలి. అట్లా తీసిన టైర్లు పొద్దుటినుంచి ఎండలో తిరిగి పెనం లాగా కాలి వస్తాయి. కాలిన టైరు ఉబ్బి ఉంటుంది. ఉబ్బినప్పుడు కడితే చల్లారాక అది కుంగి కట్టు వదులవుతుంది. అందుకే గాలి నింపి, తడి గోతాలు కప్పి, చల్లారాక కడతాం. కట్టినా నమ్మం. పదో కిలోమీటరు రాయి దగ్గర ఆగి మళ్ళీ ఒకసారి బిగిస్తాం. దాన్ని రెండో చూపు అంటాం. ట్రైలరు లాగే మొండెం కూడా మండలి ఆజ్ఞ ప్రకారం ఇవాళ్టిదాకా అక్కడ ఆగేది.

మొండెం అంటే డ్రైవరు లేని ట్రాక్టరు. తలకాయ ఉండాల్సిన చోట, అంటే డ్రైవరు కూర్చునే చోట, ఏమీ ఉండదు. దాని అసలు పేరు వేరే. మేమెవరం ఆ పేరుతో పిలవం. మనిషి చేత్తో తిప్పే బండి ఏదైనా తారు రోడ్డు ఎక్కకూడదు కాబట్టి హనుమక్క లాంటి వాళ్ళు మొండెం వెనక ట్రైలరు మీద, తమ బండిలో తామే కూర్చుని పోవాలి. వేరే సీటు లేదు. కట్టు ఊడితే బండి ఒక్కటే పడదు.

అంకె లేని రోజు

నేను కట్టలేదు కాబట్టి అంకె వేయను.

ట్రైలరు మీద నాలుగు ఇనప చేతులు బిగించారు. బండి ఎక్కగానే అవి నాలుగు టైర్లనూ పట్టుకుంటాయి. పచ్చ లైటు వెలుగుతుంది. తిప్పేస్వామి వేలిముద్ర వేస్తాడు. తొమ్మిది నిమిషాల్లో మొండెం గేటు దాటిపోతుంది. గాలి మిషను తీసుకుపోయారు, తడి గోతాలు చెత్తలో వేశారు. రెండో చూపు వల్ల పదకొండు నిమిషాలు వృథా అవుతున్నాయట, ఆ ఆజ్ఞా ఎత్తేశారు. నాకు ట్రైలరు మీది ఇసుక ఊడ్చే పని ఇచ్చారు.

హనుమక్క బండి దిగకుండానే నన్ను ఎగాదిగా చూసింది. ఆమె నర్సు. పొద్దున పైనున్న ఇసుక ఊళ్ళకు మందులు ఇచ్చి, సాయంత్రం కనుమ దిగి కిందివైపు ఊళ్ళకు పోతుంది. రెండు వైపులా కలిపి పదకొండు ఊళ్ళు. ఇసుక దాటే బండి ఈమెది ఒక్కటే.

"ఏంక్కా, చీపురు బాగా కుదిరింది నీకు," అంది.

"నీ టైర్లు కాలుతాండాయి మే. చల్లారకుండా పట్టుకున్నాయి ఆ చేతులు."

"పచ్చ లైటు వెలిగింది కదా."

"లైటుకేం తెలుసు. అది గేటు కాడ ఒక్కసారే కొలుస్తాది."

అది నిజమే. దారిలో కూడా కొలిచేలాగే మొదట చేశారట. రోడ్డు అదురుకు అది ఊరికే ఎర్ర లైటు వేసి బండ్లు ఆపుతుంటే విసుగొచ్చి ఆ పని తీసేశారు.

అంకె లేని మూడో రోజు

మొండెం చెడిపోయి హనుమక్క బండి ట్రైలరు మీదే నలభై నిమిషాలు నీడలో ఉండిపోయింది. నేను ఊడుస్తున్నట్టు వెళ్ళి ఎడమ వెనక టైరుకూ ఇనప చేతికీ మధ్య వేళ్ళు పెట్టి చూశాను. రెండు వేళ్ళు దూరాయి. పచ్చ లైటు అట్లాగే వెలుగుతోంది.

తిప్పేస్వామిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. అతను చూశాడు. తన వేళ్ళు మాత్రం పెట్టలేదు.

"ఏమని రాయమంటావక్కా పైకి? చెయ్యి విరిగింది, లైటు ఎర్రగా ఉంది, ఈ రెండు గళ్ళే ఉండాయి. పచ్చగా ఉండి వదులైందని రాసేదానికి గడి లేదు."

"గడి లేకుంటే వదులు కాదా?"

"నా మీద అరిస్తే ఏం లాభం? నేను చేసిన చట్టమా ఇది?"

కాదు. కానీ వేలిముద్ర అతనిదే. అదే మాట అన్నాను. అతను టీ తాగుదాం రమ్మన్నాడు. టీ తాగుతూ నన్ను నవ్వించాలని గొర్రెల దాటు సంగతి ఎత్తాడు. మూడో కిలోమీటరు దగ్గర ఒకప్పుడు మంద రోడ్డు దాటేది. కాపరి వలసపోయి మూడేళ్ళయింది. మొండేలన్నీ ఇప్పటికీ అక్కడ ఆగి, మంద దాటే నాలుగు నిమిషాలూ నిలబడి, ఆ తరవాత కదులుతాయి.

"వరసగా ఇరవై ఒక్క రోజు ఒకే చోట అడ్డమొస్తే అది దాని లెక్కలో దారిలో కలిసిపోతాదక్కా. ఒకటి నేర్చుకుంటే అన్నీ నేర్చుకుంటాయి. మరిపించాలంటే దేశంలో ఉండే మొండేలన్నీ ఒకేసారి ఆపాల. ఎవురాపుతారు?"

నేను నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి ఇంటికి పోయి నా ముక్కాలిపీట తుడిచాను.

కూర్చున్నది 1

నాలుగింటికి నా పని అయిపోతుంది. ఆ తరవాత నేనెక్కడ కూర్చుంటే మండలికేం. పీటను కరెంటు సైకిలు వెనక కట్టుకుని పదో కిలోమీటరు రాయి దగ్గరికి పోయి, రోడ్డు మధ్యలో వేసుకుని కూర్చున్నాను. మనిషి అడ్డముంటే మొండెం ఆగి తీరాలి. ఆ ఒక్క చట్టం ఇంకా మా వైపే ఉంది.

ఐదుంపావుకు మొండెం వచ్చింది. నిజం రాయాలి, భయమేసింది. అంత ఇనుము మీదికి వస్తుంటే కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. పీటను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. పది అడుగుల దూరంలో ఆగింది.

"దయచేసి దారి ఇవ్వండి. మీ భద్రత మా బాధ్యత," అంది.

"నా భద్రత సరే, ఆమెది?" అన్నాను. దానికి ఆ ప్రశ్న రాదు.

హనుమక్క బండి లోంచి తల బయటపెట్టి నోరు తెరిచింది. నేను లేస్తే మొండెం కదులుతుంది, కాబట్టి బిగించే పని ఆమెదే. నా పాత పట్టీలు రెండు విసిరాను. గేటు దగ్గరే కట్టొచ్చు కదా అంటే, ట్రైలరు మీద పట్టీ కనబడితే గేటు ఎర్ర లైటు వేస్తుంది. గేటు దాటాక చూసేవాడు లేడు.

"ముందు ఎడమ వెనక వేళ్ళు పెట్టి చూడు మే."

ఆమె పెట్టింది. తీసి, మళ్ళీ పెట్టి చూసింది.

"మూడు దూరినాయక్కా."

"ఇంగ ఏడుమలుపుల కనుమ ఉండాది నీకు. ఇరుసు మీంచి తిప్పు. మెలి మర్చిపోవద్దు. పిడి నువ్వు లాగలేనంత వరకూ లాగు."

పదకొండు నిమిషాలు పట్టింది. ఎక్కేముందు హనుమక్క నా పీట దగ్గరికి వచ్చి నిలబడింది.

"రేపు గూడా వస్తావా?"

"ఇరవై ఒక్క దినాలు వస్తా. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటికొస్తాది."

కూర్చున్నది 6

రోజూ రెండు వేళ్ళు, మూడు వేళ్ళు. మబ్బు పట్టిన రోజు ఒకటే. అన్నీ ఈ పుస్తకంలో రాస్తున్నాను. హనుమక్క ఇప్పుడు ఎనిమిది నిమిషాల్లో కట్టేస్తుంది. మిగిలిన మూడు నిమిషాలూ నేను పీట మీద, ఆమె రాయి మీద కూర్చుని చెనక్కాయలు తింటాం. పదకొండు నిమిషాలకు తగ్గనివ్వను. మొండెం నేర్చుకునేది సరిగ్గా నేర్చుకోవాలి.

"దయచేసి దారి ఇవ్వండి."

"ఇస్తాం లేప్పా, ఏం తొందర," అంది హనుమక్క దానితో.

కూర్చున్నది 14

మండలి నుంచి నాకు తాఖీదు వచ్చింది. రేపు సాయంత్రం నాలుగున్నరకు డిపో తెర ముందు హాజరై సంజాయిషీ చెప్పుకోవాలట. ఆ టైము ఎందుకు పెట్టారో చిన్నపిల్లకైనా తెలుస్తుంది. నాకూ తెలుసు.

కూర్చోనిది

ఇది నేను చేసిన తప్పు. ఎవరి మీదికీ నెట్టను.

పోకుండా ఉండాల్సింది. తాఖీదు చింపి పీట మీద కూర్చోవాల్సింది. కానీ ఇరవై రెండేళ్ళుగా కడుతున్నదాన్ని, నా మాట వినక ఎక్కడికి పోతారనుకున్నాను. నోటితో గెలవాలని సరదా పుట్టింది. కట్టుమేస్త్రీ ఇత్తడి బిళ్ళ తోమి మరీ పెట్టుకుపోయాను. పావుగంటలో తేల్చేసి రాయి దగ్గరికి పోవచ్చనుకున్నాను.

తెరలో అధికారి చాలా మర్యాదగా మాట్లాడాడు.

"ఇనప చేతులు పెట్టాక ఎన్ని ప్రమాదాలు జరిగాయమ్మా?"

"ఒక్కటీ జరగలేదు. నేను ఆపినా కాబట్టి."

"జరగలేదు అని మీరే అంటున్నారు. రాసుకుంటున్నాను."

"పద్నాలుగు దినాల కొలతలు ఈ పుస్తకంలో ఉండాయి. సూడండి సార్."

"అది మా వ్యవస్థలోది కాదు కదమ్మా."

గోడ గడియారం నాలుగూ యాభై చూపించింది. నేను లేచాను. ఇంకా రెండు ప్రశ్నలున్నాయి, లేస్తే బిళ్ళ రద్దవుతుంది అన్నాడు. బిళ్ళ తీసి తెర ముందు పెట్టి పరిగెత్తాను. సైకిలు మీద ఏడో కిలోమీటరు చేరేసరికి మొండెం నన్ను దాటిపోయింది. హనుమక్క చెయ్యి ఊపింది. నేను ఆపమంటున్నాననుకుందో, పలకరిస్తున్నాననుకుందో తెలియదు. దాని వెనక అరుచుకుంటూ తొక్కాను.

ఐదో మలుపులో ఎడమ వెనక చెయ్యి వదిలేసింది. బండి పక్కకు జారి ఒక చక్రం ట్రైలరు అంచు దాటి లోయ మీద వేలాడింది. మిగిలిన మూడు చేతులూ, ఆమె తొక్కిపట్టిన బ్రేకూ కలిసి కిందిదాకా ఆపాయి. మొండెం ఆగలేదు. దాని ముందు మనిషి లేడు మరి. దిగువగేటు చేరేసరికి ఆమె కుడి భుజం కీలు తప్పి ఉంది.

మండలి రాతలో ఏముందో తిప్పేస్వామి చూపించాడు. బండి: చేరింది. స్థితి: సురక్షితం. డ్రైవరు గాయం: సీటు బెల్టు సరిగా పెట్టుకోనందువల్ల.

ఆసుపత్రిలో హనుమక్క మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. తాఖీదుకు కాదు, బిళ్ళకు కాదు. ఆ పావుగంట సరదాకు ఏడ్చాను.

"ఏడిస్తే సరిపోదక్కా," అంది ఆమె. "ఒకటి నుంచి మొదలుపెట్టు."

మళ్ళీ 1

డ్రైవరు లేకపోతే ఇన్‌చార్జి నడపాలని నియమం ఉంది. పదకొండు ఊళ్ళ మందులు ఆగకూడదు. పొద్దుటినుంచి తిప్పేస్వామి ఇసుకలో తిరిగి, కాలిన టైర్లతో డిపోకి వచ్చాడు. ట్రైలరు ఎక్కించాడు. పచ్చ లైటు వెలిగింది. తన వేలిముద్ర తనే వేసుకున్నాడు. తరవాత సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, మళ్ళీ విప్పి, కిందికి దిగి, డిపో వెనక సైకిలుకు పీట కట్టుకుంటున్న నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, రాయి కాడ ఉంటావు కదా?"

"పచ్చ లైటు వెలిగింది కదా సామీ."

అతను వెనక్కి తిరిగి ట్రైలరు మీది బండిని చూశాడు. జాలి వేయలేదని రాస్తే అబద్ధం, కోపం పోయిందని రాసినా అబద్ధమే.

"బిళ్ళ లేనిదాన్ని నేను. రోడ్డు మీద కూర్చునే మామూలు మనిషిని. కూర్చుంటా. నీకోసం కాదు."

రాయి దగ్గర దిగి, మొదటిసారి తన వేళ్ళు తను పెట్టి చూశాడు. తీసి, వాటిని కాసేపు చూసుకున్నాడు. కట్టడం మర్చిపోలేదు, మెలి కూడా వేశాడు. అయ్యాక నేను పుస్తకమూ పెన్నూ చాచాను.

"రాయి."

"నా ఉద్యోగం పోతాదక్కా."

"రాసేదాకా నేను లేవను. పొద్దు గుంకినా ఈడనే ఉంటాం, నువ్వూ నేనూ ఈ మొండెమూ."

"దయచేసి దారి ఇవ్వండి," అంది మొండెం.

అతను రాశాడు. పచ్చ లైటు. మూడు వేళ్ళు. బి. తిప్పేస్వామి, ఇన్‌చార్జి.

మళ్ళీ 11

"ఇయ్యాల ఎంతక్కా?" అని దిగుతూనే అడుగుతాడు ఇప్పుడు. నా సైకిలుకు తాళం వేయమని మండలి నుంచి ఉత్తరం వచ్చిందట. ఆ ఉత్తరం ఇసుక గాలికి ఎగిరిపోయిందని జవాబు రాశాడు.

మళ్ళీ 17

రాయి పీకేశారు. మధ్యాహ్నం క్రేను వచ్చి తీసుకుపోయిందట. రాయి వల్లనే నేను అక్కడ కూర్చుంటున్నానని ఎవరో పెద్ద బుర్ర కనిపెట్టినట్టుంది. నేను పోయేసరికి పక్కన గుంత, గుంతలో ఒక తొండ ఉన్నాయి. రాయి పోయినా పదో కిలోమీటరు ఎక్కడికీ పోదు. పీట వేసుకుని కూర్చున్నాను. మొండెం వచ్చింది, ఎప్పటికంటే ఎక్కువ దూరం నుంచే వేగం తగ్గించడం మొదలుపెట్టింది. నేర్చుకుంటోంది. తిప్పేస్వామికి చెప్పలేదు, దిష్టి తగులుతుందని.

మళ్ళీ 21

జ్వరం. నూటమూడు. ఎలా పోయానో గుర్తులేదు. మంచంలో పడుకోమన్న వాళ్ళందరినీ తిట్టాను, అది గుర్తుంది. పీట మీద వణుకుతూ కూర్చున్నాను. తిప్పేస్వామి ఆరు నిమిషాల్లో కట్టడం ముగించి వచ్చాడు, బాగానే కట్టాడు. మిగిలిన ఐదు నిమిషాలూ ఒక చేత్తో నా భుజం పట్టుకునే నిలబడ్డాడు.

కట్టు 7,305

హనుమక్క ఇవాళ మళ్ళీ బండెక్కింది. భుజం ఇంకా పూర్తిగా లేవదు, పిడి ఎడమ చేత్తో లాగుతానంది. "నువ్వు కూర్చోకపోతే ఎట్లక్కా? అది ఆగకపోతే?" అని గేటు దగ్గర అడిగింది.

"ఆగకపోతే పరిగెత్తుకొచ్చి ముందర పడతా. గుంతలోనే ఉంటా, పది అడుగులే."

రాయి పీకిన గుంతలో దాక్కున్నాను. పీట నా ఒళ్ళో ఉంది. రోడ్డు ఖాళీగా ఉంది. కొండ మీదినుంచి చల్లగాలి మొదలైంది, అదే గాలి టైర్లను కుంగదీస్తుంది. మొండెం మలుపు తిరిగి కనబడింది. మోకాళ్ళు మడిచి, దూకడానికి సిద్ధంగా ఉన్నాను.

దూరం నుంచే వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. నేను రోజూ పీట వేసే చోటికి పది అడుగుల ముందు ఆగింది.

"దయచేసి దారి ఇవ్వండి," అంది ఖాళీ రోడ్డుతో. "మీ భద్రత మా బాధ్యత."

ఎవరూ లేవలేదు, ఎవరూ దారి ఇవ్వలేదు. అది నిలబడే ఉంది. హనుమక్క దిగి, వేళ్ళు పెట్టి చూసి, నా వైపు రెండు వేళ్ళు ఎత్తి చూపించింది. నేను గుంతలోంచి బయటికి వచ్చాను. ఇన్ని రోజులూ పీట మీంచి చెప్పడమే కానీ పట్టీ ముట్టుకోలేదు. ఇవాళ నేను కూర్చోనక్కరలేదు. ఇరుసు మీంచి తిప్పాను, మెలి వేశాను, పిడి పట్టుకుని నా బరువంతా వేసి లాగాను. బిగిసింది.

తొమ్మిది నిమిషాలకే అయిపోయింది. ఇద్దరం రోడ్డు పక్కన కూర్చుని మిగిలిన రెండు నిమిషాలూ చెనక్కాయలు తిన్నాం. రేపటినుంచి ఈ రోడ్డున పోయే ప్రతి మొండెమూ ఇక్కడ ఆగుతుంది. సరిగ్గా పదకొండో నిమిషం నిండాక ఇది కదిలింది, హనుమక్కను తీసుకుని కనుమ దిగింది.

కట్టింది: సుంకులమ్మ. బిళ్ళ లేదు.